చేబదులు బోర్డు

సోమవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఒక మామిడి రైతు మా దుకాణానికి వచ్చి ఆర్డరు రాయించాడు. బోరు మోటారు ఒకటి, దానికి కేబులు, పైపులు, రెండు బోర్లను కలిపి నడిపే ప్యానెల్ బోర్డు ఒకటి. టైము గుర్తుండి రాయడం లేదు, ఆర్డరు పుస్తకంలో ఉంది. తయారుచేసి ఇవ్వవలసిన వస్తువు ఉన్న ప్రతి ఆర్డరు పక్కన గంట, నిమిషం వేయడం మా నాన్న పెట్టిన పద్ధతి. ఎవరు ముందు వచ్చారు, ఎవరిది ముందు చేయాలి అన్న తగువు రాకుండా.

ఆ ఆర్డరు పని మీద గురువారం వెళ్లి నా తమ్ముడు చనిపోయాడు. అంత పనివాడు అజాగ్రత్తగా పోయాడని ఊళ్లో అనుకున్నారు. కొందరు ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. ఆర్డరు రాసింది నేను. ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగిందో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అందుకని రాస్తున్నాను.

మా దుకాణం తిరువూరులో, మెయిన్ రోడ్డు మీద. బోరు మోటార్లు, పైపులు, కేబుళ్లు అమ్ముతాం, ప్యానెల్ బోర్డులు, అంటే మోటారును నడిపే, ఆపే స్విచ్చు పెట్టెలు, తయారుచేస్తాం. ముందు గదిలో సరుకు, కౌంటరు. వెనక గదిలో తమ్ముడి బల్ల. నాన్న పోయాక బల్ల వాడిది, పుస్తకం నాది అయింది. నాకు పెళ్లయి ఇదే ఊళ్లో ఉంటున్నాను. మా ఆయన విస్సన్నపేటలో టీచరు. ఆయన బస్సెక్కాక నేను దుకాణానికి వచ్చేదాన్ని. బేరాలు లేనప్పుడు కౌంటరు దగ్గర కూర్చుని చదువుకునేదాన్ని. ఏళ్ల తరబడి అంతే.

ఆర్డరు పుస్తకంలో ప్రతి పేజీకీ మధ్యలో నిలువు గీత ఉంటుంది. ఎడమవైపు ఉన్నవి. కుడివైపు చేయవలసినవి. మోటారు, పైపు, కేబులు ర్యాకులో ఉంటాయి, అడిగిన వెంటనే తీసి ఇవ్వవచ్చు. బోర్డు అలా కాదు. బోరు ఎంత లోతు, మోటారు ఎంత పెద్దది, కరెంటు స్తంభం ఎంత దూరం, లైను చివర వోల్టేజి ఎంత పడిపోతుంది, ఒక బోరా రెండా, ఇవన్నీ అడిగి, దానికి తగినట్టు ఇనుప పెట్టెకు రంధ్రాలు వేసి, లోపలి సామాను బిగించి, తీగలు కట్టాలి. రెండు మూడు రోజులు పడుతుంది.

ఆ లోపలి సామాను కూడా మా ర్యాకులోదే. విడిగానూ అమ్ముతాం. కాబట్టి బోర్డు రాసిన వెంటనే దానికి కావలసినవన్నీ ర్యాకులోంచి తీసి ఒక ట్రేలో పెట్టి, చీటీ అంటించి, తమ్ముడి బల్ల మీదికి చేర్చాలి. లేకపోతే అదే వస్తువును ఇంకొకరికి అమ్మేస్తాం. మొదటి ఏడాది నేను అలా రెండుసార్లు అమ్మేశాను. తమ్ముడు సగం బిగించిన బోర్డును చంకన పెట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, దీని గుండెకాయ ఎవరికమ్మావు?"

"ఏదిరా?"

"ఇక్కడుండాల్సింది. నిన్నటిదాకా ర్యాకులో ఉంది. ఇవాళ లేదు. లేచెళ్లిపోద్దా?"

ఆ తర్వాత ట్రే పెట్టకుండా ఒక్క ఆర్డరూ రాయలేదు. ఈ పనిలో నాకు వచ్చిన జాగ్రత్త అంతా వాడి ఎగతాళి వల్ల వచ్చిందే.

రెండు రకాల సరుకూ కలిసిన ఆర్డరుతో అసలు చిక్కు వేరే ఉంది. రైతుకు ఎడమవైపు సరుకు ఇవాళే దొరుకుతుంది. కుడివైపుది మూడు రోజులకు. మోటారు కాలిపోయి వచ్చినవాడు మూడు రోజులు ఆగడు. మోటారు ఇచ్చేస్తే ఇవాళే బోరులోకి దింపుతాడు. దింపాక బోర్డు వచ్చేదాకా చూస్తూ కూర్చోడు. మోటారు తీగలను నేరుగా లైనుకు తగిలిస్తాడు. నాన్న రోజుల్లో ఒకాయన అలా తగిలించి కుడిచేతి మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆయన తర్వాత కూడా మా దుకాణానికే వచ్చేవాడు. ఎడమచేత్తో సంతకం పెట్టేవాడు. నాన్న ఆ సంతకం వంక చూసేవాడు కాదు.

ఆయన సంగతి జరిగాకే నాన్న చేబదులు బోర్డు తయారుచేశాడు. ఏ మోటారుకైనా సరిపోయే ఒక మామూలు బోర్డు. మన బోర్డు తయారయ్యేలోగా రైతు దాన్ని తీసుకుపోయి వాడుకోవచ్చు. కొత్త బోర్డు బిగించుకున్నాక తిరిగి ఇచ్చేయాలి. ఎవరూ తమది అనుకోకుండా దానికి ఆకుపచ్చ రంగు వేయించాడు. చేబదులు అన్న పేరు రైతులు పెట్టిందే. మా దగ్గర అది ఒక్కటే ఉండేది.

దానికి ఒక నియమం ఉంది. బయటికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ తమ్ముడి బల్ల మీదికి చేరాలి. వాడు విప్పి చూశాకే ఇంకొకరికి వెళ్లాలి. పుస్తకం చివరి పేజీల్లో దాని రాకపోకలు రాసేదాన్ని. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తెచ్చారు. పక్కన తమ్ముడు టిక్కు పెట్టేవాడు. టిక్కు లేకుండా అది గడప దాటకూడదు.

వాడు దాన్ని విప్పే రోజు దుకాణంలో కాస్త సందడి ఉండేది. ఫ్యూజు తీగ పోయిందని దాని చోట లావుపాటి రాగితీగ చుట్టినవాళ్లు ఉన్నారు. బటను నిలవడం లేదని అగ్గిపుల్ల దోపినవాళ్లు ఉన్నారు. ఎర్తు తీగ పని ఏమిటో తెలియక దాన్ని కోసి పాదు చుట్టూ కంపకు కట్టినవాళ్లు ఉన్నారు. ఇనుప పెట్టెకు పొరపాటున కరెంటు తగిలితే దాన్ని మనిషిలోకి పోనివ్వకుండా నేలలోకి దించేది ఆ తీగే.

"అక్కా, ఈసారి బల్లి కాపురం పెట్టింది. ఐదు గుడ్లు."

"బయట పెట్టు, చంపకు."

"చంపనులే. అద్దె వసూలు చేద్దామా అని చూస్తున్నా."

రెండేళ్ల కిందట బిల్లులకు కంప్యూటరు పెట్టాం. అందులో ఉన్న సరుకు ఒక రకం, కూర్చి చేయవలసిన సరుకు ఇంకో రకం. బోర్డు ఆర్డరు కొడితే లోపలి సామాను దానంతట అదే ర్యాకు లెక్కలోంచి తగ్గిపోతుంది. నా ట్రే చేసే పనే అది. కానీ చేబదులు బోర్డుకు అందులో చోటు దొరకలేదు. అది అమ్మే సరుకు కాదు, చేయవలసిన సరుకూ కాదు. నేర్పడానికి వచ్చిన అతను కాసేపు ఆలోచించి, "దీన్ని ఎక్కించొద్దు మేడమ్, గందరగోళం అవుద్ది" అన్నాడు. అందుకని ఆ ఒక్కదాని కోసం పాత పుస్తకం ఉంచాను. ఉంచాక ఆర్డర్లు కూడా ముందు అందులోనే రాసి, ఆ తర్వాత కంప్యూటరులో ఎక్కించేదాన్ని. అలవాటు.

ఆ సోమవారం వచ్చిన మామిడి రైతు తోట రెడ్డిగూడెం వైపు. యాభై దాటిన మనిషి. ఎన్నో ఏళ్లుగా మా దగ్గరే కొంటున్నాడు. వచ్చేటప్పటికే తువ్వాలు తీసి మెడ తుడుచుకుంటున్నాడు. మోటారుతో పాటు పాత బోర్డు కూడా కాలిపోయిందట. పిందె పట్టిన సమయం.

"మోటారు ఇవాళే దింపాలమ్మా. దింపే బండి కూడా మాట్లాడేశా. మూడింటికి తోట దగ్గరుంటాడు."

"మోటారు ఉంది. బోర్డు గురువారం గానీ అవదండి. రెండు బోర్లది కదా."

"గురువారానికి చెట్టున నేనుంటా, పిందె ఉండదు. చేబదులుది ఇయ్యండి."

"అది బయటికెళ్లింది. మీ వైపే, మొక్కజొన్న వేసినాయన దగ్గరుంది."

"ఆయనా? మా పక్క చేనే. నిన్ననే కొత్త బోర్డు బిగించుకున్నాడుగా. ఆ పచ్చది ఊరికే చూరు కింద పడుంది, పొద్దున చూశా. వెళ్తా వెళ్తా తీసుకుపోతా."

"ఒకసారి ఇక్కడికి రావాలండి. తమ్ముడు చూసి ఇస్తాడు."

"అక్కణ్ణుంచి ఇక్కడికి తేవాలి. మళ్లీ ఇక్కణ్ణుంచి అక్కడికే మొయ్యాలి. పూటంతా దానికే పోద్ది. దానికేమన్నా తిరువూరు చూడాలని ఉందా అమ్మా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వాక కాదనడం కుదరలేదు. సరే తీసుకోండి అన్నాను. పుస్తకం చివరి పేజీ తీసి, మొక్కజొన్న ఆయన పేరు కింద ఈయన పేరు రాసి, తిరిగి వచ్చిన తేదీ ఉండవలసిన చోట "అటునుంచి అటే" అని రాశాను. టిక్కు చోటు ఖాళీగా వదిలేశాను.

తమ్ముడు పది అడుగుల దూరంలో, వెనక గదిలో ఉన్నాడు. డ్రిల్లు మిషనుతో పెట్టెకు రంధ్రాలు వేస్తున్నాడు. ఆ చప్పుడులో అడగలేకపోయానని మొదట్లో నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. చప్పుడు మధ్యలో చాలాసార్లు ఆగింది. అడిగితే వద్దంటాడని తెలిసి అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆ రైతు ఫోను చేశాడు.

"నీళ్లు బాగా పోస్తున్నాయమ్మా. మోటారు మంచిది."

"బోర్డు పనిచేస్తోందా అండి?"

"చేస్తోంది. ముట్టుకుంటే కాస్త జిల్లుమంటోంది. పర్లేదులే, పక్క చేనాయన బోర్డుతో పాటు కర్ర కూడా ఇచ్చాడు. కర్రతోనే నొక్కుతున్నా. మనది గురువారం ఖాయమేనా?"

"ఖాయమండి. జాగ్రత్త."

ఈ మాట మా వైపు వాళ్లకు వివరించనక్కరలేదు. మిగిలినవాళ్ల కోసం చెబుతాను. మా మెట్ట ఊళ్లలో ఏ బోరు దగ్గర చూసినా, బోర్డు పక్కన మూరెడు ఎండు కర్ర ఒకటి ఆనించి ఉంటుంది. పెట్టెను చేత్తో ముట్టుకుంటే సన్నగా కరెంటు తగిలి జిల్లుమంటుంది కాబట్టి ఆ కర్రతో బటను నొక్కుతారు. ఎందుకు జిల్లుమంటోందో ఎవరూ చూడరు. బోర్డు అంటే జిల్లుమనేదే అనుకుంటారు. నాకు ఆ మాట వారానికి రెండుసార్లయినా వినబడేది. ఎవరైనా కొత్త బోర్డు అడుగుతూ ఆ మాట అంటే, వర్షాలు వచ్చాయని అన్నట్టు వినేదాన్ని. ఆ మంగళవారం కూడా అలాగే విన్నాను. పక్క చేని ఆయన కర్ర కూడా ఎందుకు ఇచ్చాడని ఒక్కసారి ఆలోచించి ఉంటే తెలిసేది. బోర్డు ఆయన దగ్గర ఉన్నప్పుడే చెడింది. ఆయన దాన్ని బాగుచేయించలేదు. కర్రతో సరిపెట్టుకున్నాడు. ఇచ్చేటప్పుడు బోర్డుకు జతగా కర్రను కూడా ఇచ్చాడు. ఆయన దృష్టిలో అది మంచితనమే.

బుధవారం సాయంత్రం ఐదు దాటాక టీ తెప్పించాను. తమ్ముడు గ్లాసు పట్టుకుని ర్యాకు మూల వెతుకుతున్నాడు. ఆకుపచ్చ పెట్టె ఉండే చోటు అది.

"చేబదులుది ఇంకా రాలేదేంటక్కా? మొక్కజొన్నాయన ఆదివారమే బిగించేసుకున్నాడుగా?"

మామిడి తోటకు వెళ్లిందని చెప్పాను. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నేను చూడకుండానా?"

"పిందె రాలిపోతోందన్నాడురా."

"ఈ ఏడు పిందె రాలితే వచ్చే ఏడు కాస్తది. చూడకుండా ఎట్టా ఇచ్చావు?"

"పక్క చేనేగా."

"పక్క చేనైతే తీగలు వాటంతటవే బాగయిపోతాయా? కౌంటర్లో కూచుని పుస్తకాలు చదివేవాళ్లకి బోర్డు సంగతి ఏం తెలుస్తది."

వాడు అలా అనడం అదే మొదటిసారి కాదు. కానీ మామూలుగా నవ్వుతూ అనేవాడు. ఆ రోజు నవ్వలేదు. నేను పుస్తకం తీసి చదువుతున్నట్టు కూర్చున్నాను. వాడు లోపలికి వెళ్లి రెండు బోర్ల బోర్డు పని అందుకున్నాడు. మధ్యాహ్నందాకా నింపాదిగా చేస్తున్నవాడు తొందర తొందరగా తీగలు కట్టడం వినబడుతోంది. ఆ పచ్చది తొందరగా వెనక్కి తెచ్చేయాలని.

కాసేపటికి లోపలినుంచే అడిగాడు.

"ఆయన ఏమన్నా ఫోను చేశాడా అక్కా?"

"బోర్డు ఎప్పుడవుద్దని అడిగాడు."

"అంతేనా?"

"అంతే."

జిల్లుమంటోందన్న మాట నాకు ఆ క్షణంలో గుర్తుంది. మరిచిపోయానని చెప్పుకోవడానికి లేదు. చెబితే ఇంకో మాట అంటాడని చెప్పలేదు. రేపు వెళ్తున్నాడు కదా, వెళ్లాక ఎలాగూ తెలుస్తుంది అనుకున్నాను. వాడు బోర్డుల మధ్య పెరిగినవాడు, జేబులో ఎప్పుడూ టెస్టరు ఉంటుంది, వాడికి నేను చెప్పేదేమిటి అని కూడా అనుకున్నాను. ఇవన్నీ ఆ "అంతే" అనడానికి పట్టినంత సేపట్లో అనుకున్నవే.

గురువారం ఉదయం తొమ్మిది దాటాక కొత్త బోర్డును బండి వెనక కట్టుకున్నాడు. తాడు ముడి సరిచూస్తూ నా వైపు తిరిగాడు.

"కోపం పోయిందా?"

"నాకేం కోపం."

"పచ్చది తెచ్చి నీ ముందే విప్పుతా. ఎవరు కాపురం పెట్టారో చూద్దువుగాని."

"బల్లి గుడ్లుంటే అక్కడే దించి రా. ఇంత దూరం మోసుకురాకు."

"సర్లే, వాటికి టికెట్టు తియ్యనులే."

మా ఇద్దరి చివరి మాటలు ఇవి. మంచి మాటలే. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. బండి స్టార్టు చేసి, ఎవరో లారీ తీస్తుంటే దానికోసం ఆగాడు కూడా.

తోటలో జరిగింది ఆ రైతు తర్వాత చెప్పగా తెలిసింది. తమ్ముడు వెళ్లేటప్పటికి మోటారు నడుస్తోంది. రైతు దూరంగా, చివరి వరుసలో పాదులకు నీళ్లు మళ్లిస్తున్నాడు. బోర్డు బోరు దగ్గర గుంజ పాతి కట్టి ఉంది. చుట్టూ తడి. తమ్ముడు చెప్పులు గట్టు మీద విడిచాడు, బురదలో దిగబడతాయని. రైతు చెయ్యెత్తి వస్తున్నానన్నట్టు ఊపాడు. తమ్ముడు కూడా ఊపాడు. ఆయన వచ్చేలోగా మోటారు ఆపుదామని పెట్టె మీద చెయ్యి వేశాడు.

"కర్ర, కర్ర అని అరిచానమ్మా. నీళ్ల చప్పుడుకి వినబడలా."

టెస్టరు జేబులోనే ఉంది. ప్రభుత్వాసుపత్రిలో వాడి చొక్కాతో పాటు నాకు ఇచ్చారు.

పోలీసులు వచ్చి రాసుకున్నారు. బోర్డు ఎవరిదని అడిగారు. కంప్యూటరులో చూపించమన్నారు. అందులో అది లేదు. పాత పుస్తకం తీసి చివరి పేజీ చూపించాను. ఒక కానిస్టేబులు వేలు పెట్టి "అటునుంచి అటే" దాకా చదివాడు. అంటే ఏమిటని అడగలేదు. అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ప్రమాదవశాత్తు అని రాసుకుని వెళ్లాడు.

ఇంటికి వచ్చినవాళ్లు చాలా మాటలన్నారు. రాసిపెట్టి ఉందన్నారు, మంచివాళ్లనే దేవుడు తీసుకుపోతాడన్నారు. నేను చదివిన పుస్తకాల్లో చావు గురించి చాలా ఉంది. చాలా అందంగా ఉంది. ఆ రోజుల్లో ఒక్క వాక్యమూ పనికి రాలేదు. వాటిలో ఎక్కడా ఎర్తు తీగ లేదు.

కానీ ఇంకో మాట మొదలైంది. మా సాటి దుకాణాలవాళ్లు, తమ్ముడి చేత బోర్డులు చేయించుకున్న రైతులు, ఆఖరికి దగ్గరి బంధువులు కూడా అన్నారు. "అంత పనివాడు టెస్టరు పెట్టకుండా ఎట్టా ముట్టుకున్నాడు?" "అనుభవం ఎక్కువైతే భయం పోద్ది." వాడికి భయం పోలేదు. వాడు అందరికంటే ఎక్కువ భయపడేవాడు. అందుకే ప్రతి పెట్టెనూ విప్పేవాడు. చూడకుండా వెళ్లిన బోర్డని తెలిసి కూడా ఎందుకు ముట్టుకున్నాడో నాకు తెలుసు. అందులో ఏదైనా తేడా ఉంటే రైతు ఫోనులో చెబుతాడు. చెప్పాడేమోనని నన్ను అడిగాడు. అంతే అన్నాను. వాడు నా మాటను టెస్టరు మాట కింద తీసుకున్నాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక మామిడి రైతు దుకాణం వైపు వచ్చాడు. షట్టరు సగం వేసి ఉంది. వంగి లోపలికి వచ్చి గోనెసంచి ఒకటి కింద పెట్టాడు. అందులో ఆకుపచ్చ బోర్డు. సంచిలోంచి కర్ర బయటికి వచ్చి ఉంది. తుమ్మ కర్ర. నొక్కి నొక్కి ఒక కొన గుండ్రంగా అరిగింది. ఎన్నో ఏళ్ల కర్ర. మొక్కజొన్న ఆయన తన పాత బోర్డు కోసం ఎప్పుడో చేసుకున్నది అయి ఉండాలి.

"కర్ర కూడా దీంతోనే వచ్చిందిగా అమ్మా, అందుకని తెచ్చా" అన్నాడు. తర్వాత, "నేను ఫోన్లో చెప్పా కదమ్మా, జిల్లుమంటోందని" అన్నాడు. నిందించడానికి కాదు. నిజంగా చెప్పాడో లేదో ఆయనకే అనుమానం వచ్చినట్టుంది. పది రోజులుగా ఆయన నిద్రపోయినట్టు లేడు.

"చెప్పారు" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఆ మాట కోసమే వచ్చినట్టు వెంటనే వెళ్లిపోయాడు. పిందె సంగతి నేను అడగలేదు.

మా మరదలు ఆ మాటలు వింది. వెనక గదిలో తమ్ముడి బల్ల సర్దుతోంది. ఆమె బల్ల దగ్గరికి రావడం అదే మొదలు. బయటికి వచ్చి గోనెసంచి వంక చూసింది.

"వదినా, ఇది ఆయన చూసే పంపారా?"

"లేదు. నేను పంపాను. అడక్కుండా పంపాను."

"జిల్లుమంటోందని చెప్పాడంటున్నాడు, ఎవరికి?"

"నాకు. మంగళవారం."

"మీ తమ్ముడికి చెప్పారా?"

"చెప్పలేదు."

ఆమె మెల్లగా అడిగింది. "ఆయన అడగలేదా?"

"అడిగాడు" అన్నాను. ఏమని అడిగాడో, ఏమని చెప్పానో చెప్పాను. అంతకు కాసేపటి ముందు, పుస్తకాలు చదివేవాళ్లని వాడన్న మాట మాత్రం చెప్పలేదు. అది చెబితే నాకు ఒక కారణం ఉన్నట్టు అవుతుంది. దాన్ని ఇక్కడ రాశాను, జరిగింది కాబట్టి.

"అందరూ ఆయన్ని అంటున్నారు వదినా. మీరు వింటూ కూచున్నారు" అంది. అరవలేదు. టెస్టరు బల్ల మీద ఉంటే తీసి కొంగున ముడి వేసుకుని ఇంటికి వెళ్లింది. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది, అవసరమైనంత వరకు.

ఆమె అన్నది సరైన మాట. మర్నాటి నుంచి ఎవరు తమ్ముడి అజాగ్రత్త గురించి ఎత్తినా, ఉన్నది ఉన్నట్టు చెబుతూ వచ్చాను. కొందరు నమ్మారు. చాలామంది నేను తమ్ముడి పేరు కాపాడటానికి తప్పును నా మీద వేసుకుంటున్నానని అనుకున్నారు. "అక్క కదా" అన్నారు. నిజం చెప్పినా దాన్ని మంచితనం కింద జమకట్టారు. దానికి నేను చేయగలిగింది లేదు.

ఆకుపచ్చ బోర్డును నేనే విప్పాను. విప్పడం వాడి దగ్గర చూసిందే. తీగ లోపలికి వచ్చే రంధ్రం దగ్గర రబ్బరు వాషరు ఊడిపోయింది. ఇనుప అంచు రాసుకుని తీగ పైతొడుగు చినిగింది. ఎర్తు తీగ బయట జానెడు దూరంలో కోసేసి ఉంది. వాడికైతే పది నిమిషాల పని. బల్లి గుడ్లు లేవు.

దుకాణం మళ్లీ తెరిచాం. బోర్డులు చేయడానికి విస్సన్నపేట నుంచి ఒక పెద్దాయన వారానికి మూడు రోజులు వస్తాడు. మంచి పనివాడు, మాట్లాడడు. బోర్డు ఇప్పుడు ఐదు రోజులు పడుతుంది. పాత పుస్తకం మూసేశాను. కంప్యూటరులో ఒక మీట ఉంది. అది నొక్కి ఉంచితే, ఆర్డరులో చేయవలసినది పూర్తయ్యేదాకా ఉన్న సరుకుకు కూడా బిల్లు రాదు. ఇదివరకు దాన్ని వాడలేదు. ఇప్పుడు నొక్కే ఉంచాను.

మొన్న ఒక రైతు మోటారు, పైపులు, బోర్డు రాయించాడు. మోటారు ముందు ఇమ్మన్నాడు. ఎదురుగా ర్యాకులో కనబడుతోంది.

"ఉన్నదాన్ని ఇయ్యడానికేంటమ్మా? పూర్వం మీ దగ్గర చేబదులుది ఉండేదిగా?"

"ఇప్పుడు లేదండి. అన్నీ కలిపి సోమవారం ఇస్తాం."

"సోమవారానికి చేను ఎండిపోద్ది."

"అన్నీ కలిపే ఇస్తామండి."

ఆయన నా ముఖం వంక చూసి, రోడ్డు దాటి ఎదుటి దుకాణానికి వెళ్లాడు. అక్కడ మోటారు ఒక్కటే కొని ఆటోలో వేసుకోవడం కౌంటరు దగ్గరి నుంచి చూశాను. ఆ సాయంత్రం ఆయన దాన్ని బోరులోకి దింపి ఉంటాడు. బోర్డు లేకుండా లైనుకు నేరుగా తగిలించి ఉంటాడా అన్నది నాకు తెలియదు. నాన్న ఆ పచ్చ పెట్టెను చేసింది అలాంటి మనిషి కోసమే. ఇది తెలిసే మీట నొక్కి ఉంచుతున్నాను. సరైనదో కాదో చెప్పలేను.

మా దుకాణంలో ఆర్డరు సగం పంపడం లేదు. చేబదులు బోర్డు ఎవరికీ ఇవ్వడం లేదు.